మిస్సింగు ఇంజనూ, సోషల్ మాస్టారి ప్రశ్నా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, "నలభై ఏళ్లు ఇంజన్ల మధ్య, గ్రీజు చేతులతో గడిపినవాణ్ణి, నాకేం రాయడం వచ్చు?" అన్నాను. "ఆ ఇంజన్ల గురించే రాయి" అన్నారు. మన బడిలో చదివినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, పై దేశాల్లో స్థిరపడినవాళ్లున్నారు. వాళ్లు తమ తమ రంగాల గురించి రాస్తారు. నేను రాయగలిగింది ఒకటే. పాత కారు ఇంజను కుదురుగా నడవనప్పుడు, లోపం ఎక్కడుందో పట్టుకునే విద్య ఎలా పుట్టింది, మన కళ్లముందే ఎలా మారింది అన్నది.

ఈ విద్యలో నాకు మొదటి పాఠం చెప్పింది మన సోషల్ మాస్టారు. ఆయనకు స్కూటరు నడపడం కూడా రాదు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1978 మాఘమాసం

దివిసీమ ఉప్పెన వచ్చి మూడు నెలలయింది. నేను తొమ్మిదో తరగతి. మా నాన్న గుడివాడ టాక్సీ స్టాండులో సొంత అంబాసిడర్ నడిపేవాడు. సొంతం అంటే, మూడు చేతులు మారి మాకొచ్చిన బండి, దాని మీద ఇంకా సగం అప్పు. ఉప్పెన తర్వాత బేరాలు పడిపోయాయి. మాఘంలో పెళ్లిళ్లు మొదలైతే బాకీపడ్డ వాయిదాలు కట్టేద్దామని నాన్న ఎదురుచూస్తున్నాడు.

ఆదివారాలు నేను ఊళ్లో ఒక షెడ్డుకు హెల్పరుగా వెళ్లేవాణ్ణి. కూలి లేదు, పని నేర్చుకోవడమే. ఒక ఆదివారం నాన్న మా బండినే అక్కడికి తెచ్చాడు. ఇంజను పక్కనుంచి ఫట్ ఫట్‌మని చప్పుడు వస్తోంది. మ్యానిఫోల్డు గ్యాస్కెట్ కాలిపోయింది. మేస్త్రి ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. "నువ్వు విప్పి కొత్తది వెయ్యరా, నేనొచ్చి చూస్తా" అన్నాడు.

ఆ ఇంజనులో గాలీ పెట్రోలూ లోపలికి పోయే గొట్టం, పొగ బయటికి వచ్చే గొట్టం రెండూ ఒకే పక్కన ఉంటాయి. నట్ల కింద ఉండే మందపాటి వాషర్లు రెండు గొట్టాల అంచులనూ కలిపి నొక్కిపడతాయి. బిగించేటప్పుడు ఒక వాషరు చేయి జారి మురుగుకాలవలో పడింది. వెతికాను, దొరకలేదు. డబ్బాలో ఉన్న పలచటి వాషరు ఒకటి వేసి బిగించేశాను. మేస్త్రి వచ్చి స్టార్ట్ చేయించాడు. ఫట్ ఫట్ పోయింది. "శభాష్" అన్నాడు. వాషరు సంగతి నేను చెప్పలేదు.

మూడో రోజు నుంచి బండి ఊగడం మొదలుపెట్టింది. రోడ్డు మీద పోతుంటే బాగానే ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు మాత్రం బానెట్ అదురుతుంది, ఇంజను ఒక దెబ్బ వేసి ఒక దెబ్బ వదిలేస్తుంది. ఒక్కోసారి ఆగిపోతుంది. దీన్నే మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. నాన్న ఈసారి మా షెడ్డుకు కాకుండా పెద్ద షెడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడ ప్లగ్గులు మార్చారు. తగ్గలేదు. పాయింట్లు, కండెన్సరు మార్చారు. తగ్గలేదు. కార్బురేటర్ విప్పి కడిగారు. తగ్గలేదు. చివరికి, "రింగులు పోయాయి, ఇంజను దించి బోరింగ్ చెయ్యాల్సిందే" అన్నారు. పెళ్లిళ్ల సీజనులో బండి పదిహేను రోజులు షెడ్డులో ఉంటే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ గాజులు తీసి రుమాల్లో కట్టి నాన్న చేతికిచ్చింది.

నాకు అనుమానం ఉంది. కానీ ఒక వాషరుకీ ఇంజను అదరడానికీ సంబంధం ఉంటుందో లేదో తెలియదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం భయం.

ఆ శనివారం సోషల్ మాస్టారు వాళ్లమ్మాయి పెళ్లిచూపులకని బెజవాడ వెళ్లి పెద్దవాళ్లను తీసుకురావడానికి మా బండి మాట్లాడుకున్నారు. ముందు సీట్లో నాన్న పక్కన నేను, వెనక మాస్టారు. రైల్వే గేటు పడింది. బండి ఆగింది. అదురుడు మొదలైంది.

"ఏమైందయ్యా దీనికి?" అన్నారు మాస్టారు.

"రింగులు పోయాయంటున్నారు మాస్టారూ. బోరింగ్ చేయించాలిట."

"ఎప్పట్నించి ఇలా ఉంది?"

"రెండు వారాలైందండీ."

"దానికి ముందు ఏం జరిగింది?"

ఆ ప్రశ్న మన బ్యాచ్‌ల వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. పానిపట్టు యుద్ధం చెప్పినా, బెంగాల్ విభజన చెప్పినా, ఉప్పు సత్యాగ్రహం చెప్పినా, మాస్టారు బోర్డు మీద సంవత్సరం రాయగానే తరగతి వైపు తిరిగి ఆ మాటే అడిగేవారు. ఎవరో ఒకరు జవాబు చెప్పేదాకా పాఠం ముందుకు కదిలేది కాదు.

"ముందేముంది మాస్టారూ, గ్యాస్కెట్ మార్చాం. అదీ మావాడే మార్చాడు" అన్నాడు నాన్న. ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. మాస్టారు నా వైపు చూసి "ఏరా?" అన్నారు. ఇంతలో గేటు తీశారు. ఆయన ఆ సంగతి అక్కడే మరిచిపోయి ఉంటారు. నేను మరవలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర నాన్నకు చెప్పాను.

మేస్త్రి చేసిన పరీక్ష

మర్నాడు మా షెడ్డులో మేస్త్రికీ చెప్పాను. తిడతాడనుకున్నాను. "వాషరు సంగతి తర్వాత చూద్దాం, ముందు బండి ఏమంటుందో విందాం" అన్నాడు. నేను తప్పు ఒప్పుకున్నాను కదా అని ఆయన దాన్నే కారణంగా తీసుకోలేదు. ఈ మాట విలువ నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

మొదట ముందునుంచి హ్యాండిల్ పెట్టి, స్విచ్ వెయ్యకుండా మెల్లగా తిప్పాడు. నన్నూ తిప్పమన్నాడు. నాలుగు సిలిండర్లలో ఒక్కొక్కటి ఒత్తిడికి వచ్చినప్పుడు చేతికి బరువు తగులుతుంది. నాలుగు దెబ్బలూ సమానంగా తగిలాయి. "రింగులు పోతే చేతికి ఇంత ఎదురుతన్నదురా" అన్నాడు. ఆ ఒక్క మాటతో బోరింగ్ ఖర్చు పక్కకు పోయింది.

తర్వాత ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే గుడ్డతో పట్టుకుని ఊడదీశాడు. మూడోది తీస్తే ఇంజను ఆగిపోబోయింది. నాలుగోది తీసినా అంతే. అంటే ఆ రెండూ పనిచేస్తున్నాయి. ఒకటోది తీస్తే పెద్దగా తేడా లేదు. రెండోది తీసినా లేదు. ప్లగ్గులు విప్పి వరసగా పెట్టాడు. మూడు, నాలుగు లేత గోధుమ రంగులో ఉన్నాయి. ఒకటి, రెండు తెల్లబారి ఉన్నాయి. తెల్లబారడమంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవడం.

ఆ ఇంజనులో ఒకటి, రెండు సిలిండర్లకు గాలి పోయే దారి ఒకటే. మూడు, నాలుగుకు ఇంకొకటి. కాబట్టి రెండు పక్కపక్క సిలిండర్లు ఒకేలా ఎండిపోయాయంటే ఆ ఉమ్మడి దారిలోనే ఎక్కడో దొంగగాలి దూరుతోంది. మేస్త్రి ఆయిల్ డబ్బా తీసుకుని ఆ గొట్టం అతుకు మీద నాలుగు చుక్కలు వేశాడు. ఆ నూనె సందును మూసినంతసేపూ, అంటే కొద్ది క్షణాలు, ఇంజను కుదురుగా నడిచింది. మళ్లీ అదిరింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఇప్పుడు చూపించు నీ వాషరు" అన్నాడు.

సరైన వాషరు వేసి, కొత్త గ్యాస్కెట్ పెట్టి బిగించడానికి రెండు గంటలు పట్టింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చి రుమాలు విప్పి గాజులు అమ్మ చేతిలో పెట్టాడు. ఆ వారం అన్నవరానికి ఒకటి, తిరుపతికి ఒకటి పెళ్లి బేరాలు వెళ్లొచ్చాడు.

ఆ పరీక్షల వెనక చరిత్ర

చాలా ఏళ్లు ఆ పరీక్షలన్నీ మా మేస్త్రి సొంత విద్యే అనుకున్నాను. తర్వాత బెజవాడ ఆటోనగర్‌లో పనిచేస్తూ, దొరికిన పుస్తకమల్లా చదువుతుంటే తెలిసింది, ఒక్కో పరీక్షకూ పెద్ద వంశవృక్షమే ఉందని.

1876లో జర్మనీలో నికొలస్ ఆటో నాలుగు దశల ఇంజను తయారుచేశాడు. లోపలికి పీల్చడం, నొక్కడం, మండించడం, బయటికి తోయడం. ఈనాటి పెట్రోలు కారుదీ అదే పద్ధతి. అందుకే ఇంజను కుదురుగా నడవాలంటే మూడే మూడు కావాలి: గాలీ పెట్రోలూ సరైన పాళ్లలో ఉండాలి, నొక్కుడు గట్టిగా ఉండాలి, నిప్పురవ్వ సరైన వేళకు పడాలి. మేస్త్రి హ్యాండిల్ తిప్పింది రెండోదాన్ని చూడటానికి. వైర్లు పీకింది ఏ సిలిండరు పని ఎగ్గొడుతోందో చూడటానికి. ప్లగ్గు రంగు, ఆయిల్ చుక్కలు మొదటిదాని కోసం.

ఈ మూడింటిలో మొదట్లో బాగా ఏడిపించింది నిప్పురవ్వే. డైమ్లర్ తొలి ఇంజన్లలో ఒక గొట్టాన్ని బయటినుంచి మంటతో ఎర్రగా కాల్చి, ఆ వేడితో లోపల మండించేవారు. 1902లో రాబర్ట్ బాష్ కర్మాగారంలో గొట్లోబ్ హొనోల్డ్ అనే ఇంజనీరు ఎక్కువ వోల్టేజీ మాగ్నెటో, దానితో పనిచేసే స్పార్క్ ప్లగ్గు తయారుచేశాడు. ఆ తర్వాత అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే పద్ధతిని రూపొందించాడు. 1910 నాటి క్యాడిలాక్ కార్లలో అది వచ్చింది. మోటారుతో స్టార్ట్ చేసే సెల్ఫు కూడా ఆయనదే. 1912లో అదే కంపెనీ కార్లలో పెట్టారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. 1910లో కెట్టరింగ్ పెట్టిన ఏర్పాటే 1978లో మా నాన్న అంబాసిడర్‌లోనూ ఉంది. ఆ బండి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన రూపం. 1950ల చివరినుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. మా బండిలోది 1489 సీసీ ఇంజను. సిలిండర్లు మండే వరస 1-3-4-2. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినిలోనూ, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లోనూ నిప్పు పుట్టించే పద్ధతి అదే. బెంగళూరులో 1951లో మైకో, మద్రాసు పాడిలో 1961లో లూకాస్ టీవీఎస్ మొదలయ్యాక ఆ సామాన్లు మన దేశంలోనే తయారయ్యాయి. దాదాపు డెబ్బయ్యేళ్లు ఇంజను ఒకే భాష మాట్లాడింది. అందుకే ఒక మేస్త్రి నేర్చిన విద్య కొడుక్కి పనికొచ్చింది, కొడుకు నేర్చింది హెల్పరుకు పనికొచ్చింది. బడికి వెళ్లనివాళ్లు కూడా చెవితో, చేతితో, ముక్కుతో ఆ భాష నేర్చేశారు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక చివర ఇంజనుకు ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుని టాపెట్ చప్పుడో బేరింగ్ చప్పుడో చెప్పేవారు.

ఆ పని ఎంత సున్నితమైందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆగి ఉన్న కారు ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతుందనుకోండి. నాలుగు సిలిండర్లకు కలిపి నిమిషానికి 1200 నిప్పురవ్వలు పడాలి. అంటే సెకనుకు 20. ప్రతి రవ్వకూ పాయింట్లు ఒకసారి విడిపోవాలి. విడిపోయినప్పుడు వాటి మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు. ఫీలర్ గేజ్ లేని రోడ్డు పక్క మెకానిక్కు సిగరెట్ పెట్టె అట్టముక్క పెట్టి ఆ ఎడం సరిచేసేవాడు. బండి ఇల్లు చేరేది.

నేరం ఒకరిది, నింద ఒకరి మీద

ఈ చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం కెట్టరింగ్ మీద పడిన నింద. బ్యాటరీ పద్ధతి వచ్చిన కొన్నేళ్లకు కార్ల ఇంజన్లు ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని కొట్టడం ఎక్కువైంది. అందరూ కొత్తగా వచ్చిన కెట్టరింగ్ ఏర్పాటునే తప్పుపట్టారు. కొత్తగా ఏది వచ్చిందో అదే దోషి అనుకోవడం సహజమే. "దానికి ముందు ఏం జరిగింది?" అన్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెబితే వచ్చే ప్రమాదం ఇదే. ముందు జరిగినదల్లా కారణం కాదు. అది పరీక్షించవలసిన అనుమానం మాత్రమే. మా మేస్త్రి నా వాషరు మాట విన్నాక కూడా హ్యాండిల్ తిప్పి చూసింది ఇందుకే.

కెట్టరింగ్ తన దగ్గర పనిచేసే థామస్ మిడ్‌గ్లీకి ఆ పని అప్పగించాడు. సిలిండరు లోపల ఏం జరుగుతోందో పరిశీలిస్తే లోపం నిప్పురవ్వలో లేదని, పెట్రోలు మండే తీరులో ఉందని తేలింది. పెట్రోలుకు రంగు వేస్తే వేడి బాగా పీల్చుకుంటుందేమోనని 1916లో అయోడిన్ కలిపి చూశారు. కొట్టుడు తగ్గింది. కానీ మామూలు రంగులు కలిపితే తగ్గలేదు. అంటే తగ్గించింది రంగు కాదు, అయోడిన్. ఊహ తప్పు, ఫలితం మాత్రం నిజం. ఒకటి మార్చి, చూసి, దాన్ని తీసేసి ఇంకొకటి మార్చబట్టే ఆ తేడా బయటపడింది. రెండూ ఒకేసారి మార్చి ఉంటే ఎన్నటికీ తెలిసేది కాదు.

చివరికి 1921 డిసెంబరులో వాళ్లకు సీసం కలిపిన మందు దొరికింది. 1923 నుంచి సీసం పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇంజను కొట్టుడు ఆగింది, కానీ ఆ సీసం పొగలో కలిసి లోకమంతటా పిల్లల రక్తంలోకి చేరింది. ఒక రోగానికి వేసిన మందు ఇంకో పెద్ద రోగం తెచ్చిపెట్టింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలు అమ్మకం పూర్తిగా ఆగింది. ప్రపంచంలో చివరగా మానేసిన దేశం అల్జీరియా, 2021లో. లోపం కనిపెట్టడం ఎంత గొప్పదో, వేసిన మందు ఇంకెక్కడ ఏం చేస్తుందో చూడటం కూడా అంత ముఖ్యమని నాకు నేర్పింది ఈ కథే.

మన ఊళ్లలో కూడా పెట్రోలు మీద చూపు పెట్టని మెకానిక్కు చాలాసార్లు మోసపోయేవాడు. కిరోసిన్ కలిసిన పెట్రోలు పోస్తే ఇంజను కొడుతుంది, పికప్ పోతుంది, ప్లగ్గులు నల్లబారతాయి. ఇంజను విప్పినా అందులో ఏమీ కనపడదు. అనుభవమున్నవాడు ముందు అడిగేది, "ఏ బంకులో కొట్టించారు?" అనే. ఇప్పుడూ ఆ ప్రశ్న పాతబడలేదు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. కార్బురేటర్ ఉన్న పాత బండికి దానితో మిశ్రమం పలచబడుతుంది, పాత రబ్బరు గొట్టాలు చెడే అవకాశమూ ఉంది. ముచ్చటపడి పాత ఫియట్, అంబాసిడర్ దాచుకున్న మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చెవి నుంచి తెరకు

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. నాలుగు సిలిండర్ల చప్పుడుకు అలవాటుపడ్డ మా చెవులకు మూడు సిలిండర్ల లయే వేరు. అది ఆగి ఉన్నప్పుడు కాస్త అదరడం దాని స్వభావం. ఏది స్వభావమో, ఏది రోగమో మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. అంతకంటే పెద్ద మార్పు తర్వాత వచ్చింది. కార్బురేటర్ పోయి, పెట్రోలును కంప్యూటరు లెక్కగట్టి చిమ్మే పద్ధతి వచ్చింది. ప్రపంచంలో ఇది కొత్త కాదు. 1967లోనే బాష్ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఫోక్స్‌వాగన్ కార్లలో వచ్చింది. మన దగ్గర మాత్రం పొగ నిబంధనలు దాన్ని తెచ్చాయి. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. 2000 తర్వాత నిబంధనలు బిగుసుకునేకొద్దీ కార్బురేటర్లు కనుమరుగయ్యాయి.

దానితోపాటే పాత విద్య కొంత పనికిరాకుండా పోయింది. ఈనాటి కారులో నడుస్తున్న ఇంజనుకు ప్లగ్గు వైరు పీకకూడదు. ఎలక్ట్రానిక్ సామాను పాడవుతుంది, మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి దాన్ని చెడగొడుతుంది. కొన్నింటిలో పీకడానికి వైరే ఉండదు, ప్లగ్గు నెత్తినే కాయిల్ కూర్చుని ఉంటుంది. దానికి బదులు కారే తన రోగం చెప్పుకునే ఏర్పాటు వచ్చింది. కాలిఫోర్నియాలో 1988 మోడళ్లతో మొదలై, 1996 నుంచి అమెరికా అంతటా కొత్త కార్లకు ఒకే రకం పద్ధతి అయింది. మన దేశంలో బీఎస్-4 నిబంధనలతోపాటు 2010 తర్వాత ఇది కార్లలోకి వచ్చింది. స్టీరింగు కింద ఉన్న సాకెట్లో స్కానరు పెడితే తెర మీద సంకేతం వస్తుంది. పి-0301 అంటే ఒకటో సిలిండరు మిస్సింగ్. పి-0300 అంటే ఫలానా సిలిండరని చెప్పలేని మిస్సింగ్. పి-0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ.

నేను దీన్ని చిన్నచూపు చూడను. మా మేస్త్రి అరగంట కష్టపడి చెప్పింది స్కానరు అరనిమిషంలో చెబుతుంది. కానీ అది రోగం పేరు చెబుతుంది, కారణం చెప్పదు. పి-0171 వచ్చిందంటే గాలి ఎక్కడో దూరుతూ ఉండవచ్చు, పెట్రోలు పంపు బలహీనపడి ఉండవచ్చు, గాలిని కొలిచే సెన్సరుకు మురికి పట్టి ఉండవచ్చు. తెర మీద అక్షరాలు చూసి సామాను మార్చేవాడికీ, 1978లో వరసగా ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు మార్చినవాళ్లకూ తేడా ఏముంది?

మొన్నటి సంగతి

రెండు నెలల కిందట ఉత్సవ ఏర్పాట్ల సమావేశానికి మన బ్యాచ్ మిత్రుడొకడు కారులో వచ్చాడు. పదేళ్లు దాటిన బండి. గుమ్మం ముందు ఆపితే అదురుతోంది. నాకు నవ్వొచ్చింది, ఆ లయ నాకు బాగా తెలిసిందే. "నాలుగు నెలలుగా ఇదే గోలరా. ప్లగ్గులు మార్పించాను, కాయిల్స్ మార్పించాను, ఆక్సిజన్ సెన్సరు కూడా మార్పించాను. స్కానరు పెడితే మళ్లీ అదే నంబరు వస్తోంది. ఇక అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు. పెన్షను మీద బతికే మనిషి. భార్యను వారం వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్లేది ఆ కారులోనే.

"దానికి ముందు ఏం జరిగింది?" అన్నాను.

వాడు నా మొహంలోకి చూసి ఫక్కున నవ్వాడు. వాడికీ మాస్టారు గుర్తొచ్చారు. కాసేపు ఆలోచించి, "ఎలకలు వైర్లు కొరికాయని వైరింగు బాగుచేయించాను. అంతే" అన్నాడు.

బానెట్ ఎత్తాను. ఎలకలకు వైర్లే రుచి, గొట్టాలు కావు అన్న నియమమేమీ లేదు. ఇంజను నుంచి గాలి గొట్టంలోకి పోయే రబ్బరు పైపు పైనుంచి చూస్తే బాగానే ఉంది. వేలితో అడుగున తడిమితే చిరుగు తగిలింది. ఇంజను నడుస్తుండగా, తిరిగే బెల్టుకూ ఫ్యానుకూ చేయి దూరంగా ఉంచి, చిరుగుకు ఇంజను వైపున పైపును పట్టకారుతో మెత్తగా నొక్కాను. అదురుడు తగ్గింది. వదిలాను. మళ్లీ అదిరింది. మేస్త్రి వేసిన నాలుగు ఆయిల్ చుక్కలు గుర్తొచ్చాయి. కొత్త రబ్బరు పైపు వేశాక అదురుడు పోయింది. ఆ నంబరు మళ్లీ రాలేదు. కారు అమ్మకం ఆగింది.

పాత కారు ఉన్న మిత్రులకు నేను చెప్పగలిగింది ఇంతే. ఇంజను అదిరితే ముందుగా ఎప్పట్నించి, ఏ వేళ, వేడెక్కకముందా తర్వాతా, ఆగి ఉన్నప్పుడా పరుగులోనా అన్నది కాగితం మీద రాసుకోండి. అంతకుముందు ఆ బండి మీద ఎవరు చెయ్యి వేశారో, ఏ పెట్రోలు పోశారో గుర్తుచేసుకోండి. డబ్బు ఖర్చుకాని పరీక్షలు ముందు, సామాను మార్చడం తర్వాత. ఒకసారికి ఒకటే మార్చండి. తీసిన పాత సామాను పారేయకండి. మెకానిక్కు "ఇది పోయింది" అంటే, "ఎలా తెలిసింది?" అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్కు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. ఇక మీ ఇంట్లో పిల్లవాడెవడైనా ఏదో విప్పి సరిగ్గా బిగించలేక బిక్కమొహం వేసుకుని ఉంటే, తిట్టకుండా ఒకసారి "ఏరా?" అని అడగండి.

మా మేస్త్రి లేడు, నాన్న లేడు, ఆ అంబాసిడర్ ఎప్పుడో తుక్కుకు పోయింది. సోషల్ మాస్టారూ లేరు. రైల్వే గేటు దగ్గర తాను అడిగిన ఒక్క ప్రశ్న మా అమ్మ గాజులు నిలబెట్టిందని ఆయనకు తెలియదు. చెప్పాలంటే వాషరు సంగతి చెప్పాలి. బడి విడిచాక కూడా ఎన్నోసార్లు ఆయన ఎదురుపడ్డారు. ప్రతిసారీ నమస్కారం పెట్టి తప్పుకున్నాను. ఇన్నాళ్లకు, ఆయన పాఠం చెప్పిన బడి సంచికలో, ఆయన దగ్గర చదివిన మీ అందరి ముందూ చెబుతున్నాను. మాస్టారూ, దానికి ముందు జరిగింది ఇదండీ.